సంతోషాన్ని కొలిచి బడ్జెట్ వేస్తే మేలు జరుగుతుందా?

ప్రశ్న – మర్రిగూడ వాసి
తలసరి ఆదాయం పెరిగిందని ఏటేటా వింటున్నాం. ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన కాలంలో మా ఇంట్లో నొప్పుల బిళ్లలకూ ఆటో కిరాయిలకూ పెట్టిన ఖర్చంతా జీడీపీలో చేరే ఉంటుంది కానీ, మా మేనత్త వంకరపోయిన కాళ్లు ఏ లెక్కలోనూ లేవు. భూటాన్‌లో మాదిరిగా ప్రజల సంతోషాన్ని కొలిచి, దాన్నిబట్టి నిధులు కేటాయించడం మనకు పనికొస్తుందా?

జవాబు – గణాంకశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ
జాతీయాదాయ లెక్కలకు రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్ స్వయంగా, ఆ అంకెను చూసి ప్రజల క్షేమాన్ని అంచనా కట్టలేమని 1934లోనే హెచ్చరించారు. అయితే సంతోషం కొలతలన్నీ ఒకటి కావు. ప్రపంచ సంతోష నివేదిక ర్యాంకులకు ఆధారం ఒక్కటే ప్రశ్న: 0 నుంచి 10 వరకు మెట్లున్న నిచ్చెన మీద మీ జీవితం ఇప్పుడు ఎక్కడుంది? చాలా దేశాల్లో ఏటా సుమారు వెయ్యి మందిని అడిగి, మూడేళ్ల సగటు తీస్తారు. పత్రికలకు పతాకశీర్షిక దొరుకుతుంది. మర్రిగూడకు ఏం కావాలో మాత్రం దానివల్ల తేలదు. భూటాన్ సూచీలో ఆరోగ్యం, చదువు, కాలవినియోగం, ఇరుగుపొరుగు సంబంధాలు వంటి 9 రంగాలు, 33 సూచికలు ఉన్నాయి. ఒక్కోదానికి 'ఇంతుంటే చాలు' అనే హద్దు పెట్టి, ఎవరు ఎందులో దాని కింద ఉన్నారో చూస్తారు. విధానానికి పనికొచ్చేది ఇదే.

జవాబు – దేవరకద్ర నుంచి
అధ్యాపకులు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక సందేహం. మా వైపు నుంచి ముంబై, పుణె పనులకు వలసపోయిన ఇళ్లలో ముసలివాళ్లూ పిల్లలూ మాత్రమే ఉంటారు. సర్వేకు జవాబు చెప్పేదెవరు? దసరాకు అందరూ ఇల్లు చేరినప్పుడు అడిగితే ఒక మాట, మళ్లీ బస్సెక్కే ముందురోజు అడిగితే ఇంకో మాట వస్తుంది. మార్కుల కోసం తొందరపడే ప్రభుత్వం ఏ రోజును ఎంచుకుంటుందో ఊహించవచ్చు.

మర్రిగూడ వాసి
ఆ నిచ్చెన ప్రశ్నను నిన్న మేనత్తనే అడిగాను. "ఎనిమిది ఏసుకో బిడ్డా, రెండు పూటల తింటున్న, మీరంత సూస్తుర్రు గదా" అన్నది. గడప దాటలేక, తలుపు రెక్క పట్టుకుని నిలబడి చెప్పిన మాట అది.

అధ్యాపకుడు
అమర్త్య సేన్ ఎన్నో ఏళ్లుగా చెబుతున్న సంగతి ఇదే: చిరకాలం కష్టంలో ఉన్నవారు బతకడం కోసం తమ కోరికలను కుదించుకుంటారు, అందువల్ల తృప్తిని మాత్రమే నమ్మితే వారి లోటు కనబడకుండా పోతుంది. దేశ ప్రగతిని ఎలా కొలవాలో పరిశీలించేందుకు ఫ్రాన్స్ ప్రభుత్వం వేసిన, ఆయన కూడా ఉన్న స్టిగ్లిట్జ్ కమిషన్ 2009లో, మనుషుల మాటనూ వారి వాస్తవ స్థితిగతులనూ రెండింటినీ కొలవాలని సూచించింది. కాబట్టి మీ అత్తమ్మ చెప్పిన ఎనిమిదిని ఎనిమిదిగానే రాయండి. ఆ పక్క గడిలో ఊరి బోరునీళ్లలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో, తాగునీటికి పెట్టిన 1.5 హద్దును ఎంత దాటిందో, ఆమె గడపను సాయం లేకుండా దాటగలుగుతున్నదో లేదో కూడా రాయండి.