కేకు మధ్యలో కుంగిపోయింది, రేపు ఆఫీసుకి ఎలా పట్టుకెళ్ళను?

విజయనగరం నుంచి:
సాయంత్రం ఆరు నుంచి వంటింట్లోనే ఉన్నాను, ఇప్పుడు పదకొండు. రెండోసారి చేసినదీ నడుమ పళ్ళెంలా కుంగిపోయింది, అడుగు కాస్త మాడింది. ఆఫీసులో చేరి మూడు నెలలే. నేనే చేసి తెస్తానని అందరికీ చెప్పేశాను. ఏడుపొస్తోంది. పొద్దున్నే మూడు లాంతర్ల సెంటర్లో కేకు కొనేసి పట్టుకెళ్ళిపోనా?

పలాస నుంచి:
ఓవెనా, కుక్కరా? సోడా వేశావా, బేకింగ్ పౌడరా? రెండూ ఒకటి కాదమ్మా. సోడాకి పెరుగో నిమ్మరసమో పులుపు తగిలితేనే సరిగ్గా గ్యాసు పుడుతుంది. పౌడర్లో ఆ పులుపు ముందే కలిపి ఉంటుంది. కప్పు మైదాకి పౌడరైతే టీ చెంచా, సోడా అయితే పావు టీ చెంచా. ఎక్కువైతే గబుక్కున పొంగి, లోపల గట్టిపడకముందే కూలిపోద్ది.

బొబ్బిలి నుంచి:
ముక్కలు కోసి పట్టుకెళ్ళు.

విజయనగరం నుంచి:
కుక్కరేనండీ. తినే సోడా, పెరుగు వేశాను. పది నిమిషాలకోసారి మూత తీసి చూశాను.

రాజాం నుంచి:
అదీ సంగతి! మూత తీసినప్పుడల్లా వేడి పోతుంది. గాస్కెట్టు, విజిలు తీసేసి, అడుగున ఉప్పు పోసి, సన్నసెగ మీద అరగంట దాటేవరకు ముట్టుకోకూడదు. మా అమ్మ దిబ్బరొట్టె అలాగే కాల్చేది.

పలాస నుంచి:
దిబ్బరొట్టెకీ కేకుకీ సంబంధమేటండీ? అది మినప్పిండి.

రాజాం నుంచి:
నేను చెప్పింది సెగ గురించి, పిండి గురించి కాదు.

శ్రీకాకుళం నుంచి:
అమ్మాయ్, నడుమ శుభ్రమైన పుల్ల గుచ్చి చూడు. తడిపిండి అంటుకుంటే అది పచ్చి, ఎవరికీ పెట్టకు. గ్లాసు బోర్లించి నొక్కి ఆ నడుమ తీసెయ్. మాడిన అడుగు చాకుతో గీకెయ్. మిగతాది ముక్కలు కోసి స్టీలు డబ్బాలో సర్దు. మా ఆఫీసుకి నేను విరిగిన అరిసెలు పట్టుకెళ్తే మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ. ఇంతకీ గుడ్డు వేశావా? తిననివాళ్ళుంటే డబ్బా మూత తీయకముందే చెప్పాలి. కుంగిన దానికన్నా అదే పెద్ద మాట.

విజయనగరం నుంచి:
మూడు గుడ్లు వేశాను. ఇద్దరు తినరు, ఆ సంగతే తట్టలేదు! వాళ్ళకి అరటిపళ్ళు కొంటాను. పుల్లకి పిండి అంటుకుంది, నడుమ తీసేశాను. థాంక్స్ అక్కా, పడుకుంటాను.

పలాస నుంచి:
ఆ సోడా మీద నిమ్మరసం చుక్క వేసి చూడు. బుసబుసమని పొంగకపోతే పారెయ్.