ఒంటరిగా ఉండలేని కుక్కకు శాశ్వతమైన ఇల్లు వెతికేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలా?

ప్రశ్న:

నాలుగు నెలల కిందట కాలికి గాయమై రోడ్డు పక్కన పడి ఉన్న ఒక ఆడ వీధికుక్కను, గాయం మానేదాకా మాత్రమే అనుకుంటూ ఇంటికి తెచ్చాము. పళ్లను బట్టి దానికి రెండేళ్లు ఉండవచ్చని పశువైద్యుడు చెప్పారు. రేబిస్ టీకాతో పాటు మిగతా టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అన్నీ పూర్తయ్యాయి. మాకు ఇదివరకే రెండు కుక్కలు ఉన్నందున దీన్ని వేరే ఇంటికి దత్తత ఇవ్వాలనుకుంటున్నాము. మనుషులతో ఎంతో చనువుగా ఉంటుంది గానీ, ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపు గీకుతూ ఏడుస్తుంది. తీసుకువెళ్లిన ఒక కుటుంబం ఈ కారణంగానే తొమ్మిదో రోజున తిరిగి తెచ్చి అప్పగించింది. ఈ మాట ప్రకటనలో రాస్తే అడిగేవారే ఉండరని మా ఇంట్లో వాళ్లు అంటున్నారు. రాయకపోతే తప్పవుతుందా?

జవాబు:

తప్పకుండా రాయండి. నా దగ్గర కొన్నాళ్లు ఉండి వెళ్లిన కుక్కల్లో రెండు తిరిగి వచ్చాయి. ఆ రెండింటి విషయంలోనూ నేను ఏదో ఒకటి దాచాను. ఒకదాని సంగతిలో అయితే పిల్లిని చూస్తే వెంటపడుతుందని తెలిసి కూడా నోరు మెదపలేదు. ఫోన్లు తక్కువ వస్తే నష్టమేమీ లేదు, మీకు కావలసింది ఒక్క ఇల్లే కదా.

అయితే ‘ఒంటరిగా ఉండలేదు’ అని ఒక్క ముక్కలో రాస్తే, చదివేవారు అసలు కంటే ఎక్కువగా ఊహించుకుని భయపడతారు. ముందుగా మీరే కొలిచి చూడండి. ఫోన్‌లో వీడియో పెట్టి, మీ రెండు కుక్కలనూ ఇంట్లోనే ఉంచి, తలుపు వేసి బయటికి వెళ్లండి; మరో రోజు వాటిని వెంట తీసుకువెళ్లి, దీన్ని ఒక్కదాన్నే ఉంచి చూడండి. తోడు కుక్క ఉన్నప్పుడు నెమ్మదిగా ఉంటే, ఇదివరకే కుక్క ఉన్న ఇల్లు దీనికి సరిపోతుందని అర్థం. తోడున్నా ఏడుస్తుంటే దానికి కావలసింది మనిషే కాబట్టి, రోజులో ఎక్కువసేపు ఎవరో ఒకరు ఇంట్లో ఉండే కుటుంబాన్ని వెతకాలి. ఎప్పుడు మొదలైందో కూడా గమనించండి: విడిచి ఉండలేని బెంగ అయితే మనం వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే ఏడుపు, గీకుడు మొదలవుతాయి, ఇష్టమైన తిండి ముందే ఉన్నా ముట్టదు, తోచక చేసే అల్లరి సాధారణంగా కొంత ఆలస్యంగా మొదలవుతుంది. అప్పుడు ప్రకటనలో ‘తోడు కుక్క ఉంటే గంటసేపు పడుకుంటుంది, ఒక్కతే ఉంటే ఐదు నిమిషాలకే తలుపు దగ్గరికి వెళుతుంది’ అని మీరు చూసినది చూసినట్టు రాయగలుగుతారు.

ఇల్లు దొరికేలోగా అలవాటు చేయడం మొదలుపెట్టండి. తాళంచెవులు చేతిలోకి తీసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోండి. అది పట్టించుకోవడం మానేశాక, గడప దాటి కొన్ని క్షణాల్లోనే తిరిగి రండి. అది కంగారుపడకముందే వెనక్కి రావడమే ఇందులోని కిటుకు. గీకిందని తిడితే బెంగ ఇంకా ముదురుతుంది. బెంగ మరీ తీవ్రంగా ఉంటే పశువైద్యుడు మందులు కూడా సూచించగలరు.

ఫొటోల విషయంలో చాలామంది గాయంతో ఉన్న పాత ఫొటోను ముందు పెడతారు. దాన్ని చూసి జాలితో ఫోన్ చేసేవారు నిజంగానే ఎక్కువమంది ఉంటారు గానీ, ఆ జాలి వారం రోజుల్లో చల్లారుతుంది. పగటి వెలుతురులో నేల మీద కూర్చుని, దాని కళ్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోను ముందు పెట్టి, పరిమాణం తెలిసేలా మనిషి పక్కన నిలబడి ఉన్నది మరొకటి జోడించండి.

అడిగేవారిని నిలదీయవద్దు. ‘మీ ఇంట్లో మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పండి’ అంటే చాలు, ఎవరు ఎన్ని గంటలకు బయటికి వెళతారో వాళ్లే చెబుతారు. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, ఊరికి వెళితే దీన్ని ఎవరు చూస్తారు అన్న రెండూ మాత్రం సూటిగా అడగాలి. రెండు వారాలు పరీక్షగా ఉంచుకోమనండి. ఎప్పుడు వద్దనుకున్నా వేరే వారికి ఇవ్వకుండా మీకే అప్పగించాలని కాగితం మీద రాసుకోండి.

అడిగినవారు:

మీరు చెప్పినట్టే వీడియో తీశాము. తోడుంటే నిజంగానే పడుకుంటోంది! ఆ మాటే రాయగా, ఒక ముసలి మగకుక్క ఉన్న దంపతులు ముందుకు వచ్చారు. రెండు కుక్కలనూ ఎలా కలపాలి?

జవాబు:

వాళ్ల ఇంట్లో కలపవద్దు. రెండింటికీ పరిచయం లేని ఖాళీ స్థలంలో, చెరొకరు ఒక్కో కుక్కను పట్టుకుని, మధ్య ఎడం ఉంచి ఒకే దిక్కుగా నడవండి. తాళ్లు బిగపట్టకూడదు. ఒళ్లు సడలి, నేల వాసన చూస్తూ నడుస్తుంటే ఎడం తగ్గించవచ్చు. తోక ముడవడం, తిండి లేకపోయినా మాటిమాటికీ పెదవులు నాక్కోవడం కనిపిస్తే మళ్లీ దూరం పెంచండి. ఇంట్లో మొదట్లో గిన్నెలు వేర్వేరు చోట్ల పెట్టమనండి. ముసలి కుక్క పడుకునే చోటికి దీన్ని వెళ్లనివ్వకూడదు.

మరో సభ్యురాలు:

ఒక్క మాట చేర్చాలి. కొత్త ఇంట్లో తొలి రోజుల్లోనే కుక్కలు బెదిరి పారిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి, మెడపట్టీకి ఒక తాడు, హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) మరో తాడు కట్టి తీసుకువెళ్లండి. బెరుకు తగ్గడానికి 3 రోజులు, పద్ధతులు తెలియడానికి 3 వారాలు, ఇల్లు తనదనుకోవడానికి 3 నెలలు అని ఒక లెక్క చెబుతారు. ఖచ్చితమైనది కాకపోయినా ఆ దంపతులకు ముందే చెప్పి ఉంచితే కంగారుపడరు. ఇప్పుడు తింటున్న తిండినే కొంత ఇచ్చి పంపండి, మార్చాలంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చమనండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) వేయించి ఉంటే, నమోదులో ఫోన్ నంబరు మార్పించడం మరవకండి. ఆ చిప్ కుక్క ఎక్కడుందో చూపించదు, స్కానర్‌తో చదివితే ఒక సంఖ్య మాత్రమే వస్తుంది. మెడలో బిళ్ల మీద పరీక్ష గడువు ముగిసేదాకా మీ నంబరు, వాళ్ల నంబరు రెండూ ఉండాలి.