స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పాతిక వేలలో స్కోప్: 6-24 కొనాలా, 4-12 సరిపోతుందా, అసలు వద్దా?

రాజాం కుర్రోడు:
అన్నయ్యలందరికీ నమస్తే. నా దగ్గర .177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, బ్యారెల్ మడిచి లోడ్ చేసే రకం. మా జీడితోటలో ఎత్తయిన మట్టిగట్టుకి అట్ట ఆనించి కాగితం టార్గెట్ల మీద కాలుస్తుంటాను, ఎక్కువగా 10 మీటర్లు, 25 మీటర్లు, గాలి లేని పొద్దున్న అయితే 50. తుపాకీతో వచ్చిన సైట్లతో 25 దాటాక నల్ల చుక్క సరిగ్గా ఆనడం లేదు, అందుకే స్కోప్ కోసం పాతిక వేలు పక్కన పెట్టాను. వైజాగ్‌లో ఒక షాపులో రెండు చూపించారు, రేటు ఇంచుమించు ఒకటే. ఒకటి 6-24×50, అంటే 6 నుంచి 24 రెట్ల జూమ్, 50 మిల్లీమీటర్ల ముందు లెన్సు, లైటు వెలిగే క్రాస్‌హెయిర్ (గురి గీతలు), గురి సరిచేసే పెద్ద పెద్ద టరెట్లు, పక్కన దూరానికి తగ్గట్టు తిప్పే పారలాక్స్ నాబ్. ఆ నాబ్ మీద అన్నిటికన్నా తక్కువ అంకె 25 గజాలు. రెండోది 4-12×40, లైటూ గీటూ ఏమీ లేవు, ముందు లెన్సు దగ్గర రింగు తిప్పితే 10 గజాల దాకా వస్తుంది. అదే డబ్బుకి రెట్టింపు జూమ్ వస్తుంటే రెండోది ఎందుకయ్యా అంటున్నాడు షాపాయన. ముందు ముందు పోటీలకి వెళ్లాలని కూడా ఉంది. ఏది తీసుకోమంటారు?

టెక్కలి మాస్టారు:
తమ్ముడూ, పోటీలు అన్నావు కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకో. ఒలింపిక్స్‌లో ఉన్న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్కోప్ పెట్టనివ్వరు, 50 మీటర్ల త్రీ పొజిషన్‌లోనూ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చేది) అంతే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం, ఇవన్నీ పీప్ సైట్‌తో వచ్చినవే. వెనక సన్నటి కన్నం, ముందు ఒక రింగు, ఆ రింగు మధ్యలో నల్ల చుక్క, అంతే, పెద్దది చేసి చూపించే లెన్సు ఏదీ ఉండదు. 10 మీటర్ల టార్గెట్ మొత్తం 45.5 మిల్లీమీటర్లు, అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అది కంటితో కనపడదు కూడా, అయినా వరసగా కొడుతున్నారంటే గురి అంతా నిలబడే తీరులో, ఊపిరిలో, ట్రిగ్గర్ వేలులో ఉందనే కదా.

ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో చాలామంది పిల్లల చేత గ్రూపులు (ఒకే గురితో వరసగా కాల్చిన షాట్ల గుంపు) కొట్టించాను. మొదట్నుంచీ స్కోప్‌కి అలవాటుపడితే తర్వాత పీప్ సైట్‌కి రావడం చాలా కష్టం. నా మాట వింటే పాతిక వేలలో కొంత పీప్ సైట్‌కి, మిగతాది మంచి మ్యాచ్ పెల్లెట్లకి పెట్టు.

ఇంకో మాట, ఇది కొత్తగా ఎయిర్ రైఫిల్ కొన్న ప్రతి కుర్రాడికీ చెప్తాను. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు, నిజమే, కానీ దాన్ని పిట్టల మీదకి ఎత్తితే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. మా పక్కనే తేలినీలాపురం, పెలికాన్లు ఏటా ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. స్కోప్ ఉన్న తుపాకీ పట్టుకుని అటువైపు తిరగొద్దు.

బొబ్బిలి బెంచ్:
మాస్టారూ, మీరు చెప్పింది స్కోప్ లేకుండా కాల్చే ఒలింపిక్ పోటీల సంగతి, అందులో తప్పేం లేదు. కానీ టార్గెట్ షూటింగ్ అంటే అదొక్కటే కాదు. 25 మీటర్ల ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్ట్ ఉంది, తుపాకీని బల్ల మీద రెస్టులో పెట్టి కాలుస్తారు, అక్కడ 40 రెట్ల పైన జూమ్ వాడటం మామూలు విషయం. బ్రిటన్‌లో పుట్టిన ఫీల్డ్ టార్గెట్‌లో అయితే 55 గజాల దాకా లోహపు టార్గెట్లు, ఎంత జూమ్ ఉంటే ఫోకస్ తిప్పి దూరం అంత కచ్చితంగా లెక్కకట్టొచ్చు కాబట్టి అక్కడా పెద్ద స్కోపులే. కాగితం ఎక్కడికీ పారిపోదు, దాన్ని దగ్గరగా చూసుకుంటే తప్పేంటి? 50 మీటర్లలో .177 పెల్లెట్ పడిన కన్నం 4.5 మిల్లీమీటర్లు, నల్ల చుక్క లోపల పడితే 12 రెట్లలో చాలాసార్లు కనపడదు, ప్రతి అయిదు షాట్లకీ లేచి నడవాలి. 6-24 ని 8కి తగ్గించుకోవచ్చు, 4-12 ని మాత్రం 20కి పెంచుకోలేం. రేటు ఒకటే అయినప్పుడు నేనైతే 6-24 వదలను.

ఆమదాలవలస:
రేటు ఒకటే అంటున్నారే, గొడవంతా అక్కడే ఉంది. పాతిక వేల లోపు ఒక కంపెనీ 24 రెట్ల జూమ్, 50 మిల్లీమీటర్ల ముందు లెన్సు, లోపల లైటు, పెద్ద టరెట్లు అన్నీ ఇస్తోందంటే ఆ డబ్బు ఎక్కడో మిగల్చాలి కదా, మిగిల్చేది అద్దం నాణ్యతలోనూ, లోపల క్రాస్‌హెయిర్‌ని జరిపే స్ప్రింగుల్లోనూ. అదే డబ్బుకి 4-12 లో ఆ రెండూ మెరుగ్గా వచ్చే అవకాశం ఎక్కువ. జూమ్ అంకె పెట్టె మీద కనిపిస్తుంది, మిగతావి కనిపించవు, అందుకే షాపులో 24 అమ్ముడుపోతుంది.

తమ్ముడూ, నువ్వు ఎక్కువగా కాల్చేది 10, 25 మీటర్లు అన్నావు. నీ ప్రశ్నకి జవాబు ఆ నాబ్ మీది 25 గజాల దగ్గరే ఉంది. పారలాక్స్ అంటే, స్కోప్ ఏ దూరానికి సెట్ అయి ఉందో అక్కడ కాకుండా వేరే దూరంలో టార్గెట్ ఉన్నప్పుడు, నీ కన్ను కొంచెం అటూ ఇటూ జరిగితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనపడటం. తుపాకీ కదల్లేదు, నీ తల కదిలింది, అయినా గురి మారిపోయింది. 25 గజాలు అంటే దాదాపు 23 మీటర్లు, 50 మిల్లీమీటర్ల లెన్సుతో టార్గెట్ 10 మీటర్లలో ఉంటే, కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పుడు లెక్క ప్రకారం 14 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. మాస్టారు చెప్పిన టార్గెట్‌లో రింగుకీ రింగుకీ మధ్య 2.5 మిల్లీమీటర్లు, అంటే అయిదు రింగులు పోయినట్టే. రోజూ అంత పోతుందని కాదు, కానీ అందులో నాలుగో వంతు పోయినా నువ్వు ట్రిగ్గర్‌ని తిట్టుకుంటావు, పెల్లెట్లని తిట్టుకుంటావు, కారణం మాత్రం దొరకదు. పైగా 10 మీటర్లలో ఆ స్కోప్‌ని 24 మీద పెడితే కాగితం మసగ్గా కనపడుతుంది, చివరికి 6 మీదకి దించుకుని కాలుస్తావు.

బొబ్బిలి గారు అన్నట్టు జూమ్ తగ్గించుకోవచ్చు, సెట్ కాని పారలాక్స్‌ని మాత్రం కిందికి దించుకోలేం.

వెలుగు సంగతి కూడా చూడు. ముందు లెన్సు వెడల్పుని జూమ్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు బిళ్ల ఎంతుందో తెలుస్తుంది. 50 ని 24 తో భాగిస్తే 2.1 మిల్లీమీటర్లు, 40 ని 12 తో భాగిస్తే 3.3. బిళ్ల చిన్నదైతే తల ఒక్క చోట బిగించి పెట్టాలి, కాస్త జరిగితే నల్లగా మూసుకుపోతుంది. దానికి తోడు 50 మిల్లీమీటర్ల లెన్సు బ్యారెల్‌కి తగలకుండా ఎత్తయిన రింగులు కావాలి, దాంతో చెంప బట్‌కి ఆనదు, గడ్డం ఆనుతుంది, తల తేలిపోతూ ఉంటుంది, మళ్లీ పారలాక్స్ దగ్గరికే వచ్చాం.

గజపతినగరం అక్క:
మా అమ్మాయి 10 మీటర్లు నేర్చుకుంటోంది, రోజూ వెంట వెళ్తాను కాబట్టి చూసింది రాస్తున్నా. జూమ్ పెరిగితే టార్గెట్ ఒక్కటే పెద్దది కాదు, మన వణుకు కూడా పెద్దదవుతుంది. క్రాస్‌హెయిర్ చుక్క మీద నిలవకుండా గింగిరాలు తిరుగుతూ కనపడేసరికి పిల్లలకి టెన్షన్ వచ్చేస్తుంది, చుక్క మీదుగా వెళ్తున్న క్షణం చూసి ట్రిగ్గర్ గుంజేస్తారు, షాట్ పక్కకి పోతుంది. తక్కువ జూమ్‌లో ఆ కదలిక అంతగా కనపడదు, వేలు మెల్లగా నొక్కుతుంది. బొబ్బిలి గారు బల్ల మీద రెస్టులో పెట్టి కాలుస్తారు కాబట్టి ఆయనకి ఈ ఇబ్బంది తెలియకపోవచ్చు. ఈ బాబు నిలబడి కాలుస్తాడా, కూర్చుని కాలుస్తాడా అన్నది ఇంకా ఎవరూ అడగలేదు.

మాస్టారు చెప్పిన పీప్ సైట్ విషయంలో ఒక చిక్కు ఉంది. వెనక సైట్ 11 మిల్లీమీటర్ల గాడి మీద బిగించుకోవచ్చు గానీ, బ్యారెల్ మడిచే తుపాకులు చాలావాటికి ముందు రింగు సైట్ పెట్టుకునే వీలు తేలిగ్గా ఉండదు. అది కుదురుతుందో లేదో చూసుకోకుండా డబ్బు పెట్టొద్దు.

రాజాం కుర్రోడు:
అక్కా, సగం నిలబడి, సగం బస్తా మీద ఆనించి. నా తుపాకీకి ముందు సైట్ బ్యారెల్‌తో కలిపి బిగించేశారు, విప్పడానికి రాదు.

టెక్కలి మాస్టారు:
అయితే ఈ తుపాకీ మీద పీప్ సైట్ మాట వదిలెయ్. కానీ పోటీల కోరిక గట్టిగా ఉంటే ఈ పాతిక వేలు మొత్తం స్కోప్ మీద పోసేయకు. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో అకాడమీలో మ్యాచ్ రైఫిల్ చేతికిస్తారు, ఆ ఫీజుకి కొంత ఉంచుకో. స్కోప్‌తో ఎంత బాగా కాల్చినా ఆ టార్గెట్ ముందు నిలబడే రోజున అది నీ తుపాకీ మీద ఉండదు. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

బొబ్బిలి బెంచ్:
25 గజాల కన్నా కిందకి రాని నాబ్ 10 మీటర్లకి పనికిరాదని ఒప్పుకుంటాను, ఆ ఒక్క స్కోప్ వద్దు. కానీ 10 గజాల దాకా వచ్చే 6-24 లు కూడా ఉన్నాయి కదా, అది వెతుక్కోమని చెప్పాలి గానీ 12 దగ్గర ఆగిపోమని ఎందుకు? ఇవాళ స్ప్రింగ్ తుపాకీ, రెండేళ్లకి పీసీపీ (ముందే గాలి నింపుకుని కాల్చే తుపాకీ) కొంటాడు, స్కోప్ మాత్రం అదే ఉంటుంది. మంచి స్కోప్ తుపాకీ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆమదాలవలస:
స్ప్రింగ్ తుపాకీ మీద రెండేళ్లు నిలిస్తే కదండీ! దీని సంగతి చాలామంది పట్టించుకోరు. మందుగుండు తుపాకీ వెనక్కి తంతుంది, అంతే. స్ప్రింగ్ తుపాకీలో బరువైన పిస్టన్ ముందుకి దూకేటప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది, పిస్టన్ చివర గాలికి గుద్దుకుని ఆగేటప్పుడు తుపాకీ ఒక్కసారి ముందుకి తుళ్లుతుంది. వెనక్కి తన్నే దెబ్బకి మాత్రమే తయారైన స్కోపుల్లో లోపలి లెన్సులు ఈ రెండో కుదుపుకి కదిలిపోతాయి, క్రాస్‌హెయిర్ తిరిగిపోవడం, జీరో (ఒకసారి సరిచేసి పెట్టుకున్న గురి) నిలవకపోవడం అలా మొదలవుతాయి. స్కోప్ ఎంత బరువైతే బిగింపుల మీద అంత లాగుడు, 6-24×50 ఏ రకంగా చూసినా 4-12×40 కన్నా బరువే. కాబట్టి ఏది కొన్నా స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని కంపెనీ తన మాటగా రాసి ఉండాలి, షాపాయన నోటిమాట చాలదు. పీసీపీలో ఈ గొడవ లేదు, అది కొన్న రోజున దానికి తగ్గ స్కోప్ చూసుకుంటాడు.

50 మీటర్లలో కన్నాలు కనపడవంటారా, దానికి చవక స్పాటింగ్ స్కోప్ (విడిగా పెట్టుకుని చూసే చిన్న దుర్బిణి) ఒకటి స్టాండు మీద పెట్టుకుంటే సరిపోతుంది. మన వైపు వేసవిలో తొమ్మిది దాటితే నేల మీద ఎండ సెగ లేస్తుంది, 24 రెట్లలో ఆ సెగ కూడా అంతే పెద్దదై టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది.

క్రాస్‌హెయిర్ మొదటి ఫోకల్ ప్లేనా రెండోదా అని షాపులో అడిగి భయపెడతారు. మొదటి ప్లేన్‌లో జూమ్‌తో పాటు గీతలు కూడా లావెక్కుతాయి, చిన్న చుక్కని కప్పేస్తాయి. తెలిసిన దూరంలో కాగితం కొట్టేవాడికి గీతలు లావెక్కని రెండో ప్లేన్ చాలు, రేటు కూడా తక్కువ. లైటు పగటిపూట పెద్దగా పనికిరాదు.

రాజాం కుర్రోడు:
సరే అన్నయ్యా, 4-12 వైపే మొగ్గుతున్నాను. టరెట్ మీద పావు ఎంఓఏ అని ఉంది, నా దూరాలకి అది ఎంత? స్కోప్‌ని తుపాకీకి బిగించే మౌంట్ విషయంలో ఏం చూడాలి? షాపులో రెండు విడి రింగులు ఉచితంగా ఇస్తానన్నారు.

ఆమదాలవలస:
ఎంఓఏ అంటే కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు, 100 మీటర్లలో దాదాపు 29 మిల్లీమీటర్లు. పావు ఎంఓఏ క్లిక్ (టరెట్ ఒక్క మెట్టు తిప్పడం) అంటే 25 మీటర్లలో 1.8 మిల్లీమీటర్లు, 10 మీటర్లలో 0.7. నీకు అది బాగా సరిపోతుంది. 0.1 మిల్ (ఇదీ కోణం కొలతే) అని రాసి ఉన్న టరెట్ అయితే 10 మీటర్లలో ఒక మిల్లీమీటరు, 25 లో రెండున్నర.

ఉచిత రింగులు వద్దు. స్ప్రింగ్ తుపాకీ కుదుపుకి రింగులు గాడిలో వెనక్కి జారుతూ పోతాయి, స్కోప్ నిజంగా పాడైనట్టే అనిపిస్తుంది. ఒకే ముక్కగా ఉండే మౌంట్ తీసుకో, కింద చిన్న స్టాప్ పిన్ను ఉన్నది, ఆ పిన్ను కూర్చునే కన్నం నీ తుపాకీ మీద ఉందో లేదో ముందు చూసుకో. గాడి 11 మిల్లీమీటర్లా, వెడల్పు పికటిన్నీ రైలా అన్నది కూడా కొలిచి చెప్పు, ఒకదాని మౌంట్ ఇంకోదానికి పట్టదు. స్క్రూలు అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించు, బలం చూపిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది.

బ్యారెల్ మడిచే తుపాకుల్లో ఇంకో తంటా, మూసినప్పుడు బ్యారెల్ మూతి కొద్దిగా కిందికి చూస్తూ ఉంటుంది కొన్నిటిలో. అప్పుడు ఎలివేషన్ టరెట్ (గురిని పైకీ కిందికీ జరిపేది) పైకి ఎంత తిప్పినా గురి అందదు, ఆ చివర్లో క్లిక్కులు కూడా సరిగ్గా పనిచేయవు. నీది అలా ఉంటే వెనక వైపు కాస్త ఎత్తు ఉన్న మౌంట్ అడుగు.

బిగించాక 25 మీటర్లలో బస్తా మీద ఆనించి ఒక గ్రూపు కొట్టు. గురి చుక్క మార్చకుండా 20 క్లిక్కులు పైకి తిప్పి ఇంకో గ్రూపు, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి. గ్రూపుల మధ్య దూరం 36 మిల్లీమీటర్లకి దగ్గర్లో ఉండి, చివరి గ్రూపు మొదటి దాని మీదే పడితే స్కోప్ మంచిది. పడకపోతే రిటర్న్ గడువు దాటకముందే వాపస్ ఇచ్చెయ్, బిల్లు జాగ్రత్త. ఈ పరీక్ష అంతా ఒకే డబ్బా పెల్లెట్లతో చెయ్, తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బాని బట్టి మారుతుంది, కలిపి కాలిస్తే తప్పు ఎవరిదో తేలదు.

గజపతినగరం అక్క:
వానాకాలంలో పెట్టెలో మూసి ఉంచొద్దు బాబూ. మన తేమకి లెన్సు మీద బూజు పడుతుంది, పడితే పోదు. తుపాకీ సంచిలో కాకుండా విడిగా గాలి ఆడే చోట పెట్టు, పెట్టెలో పెట్టక తప్పకపోతే సిలికా జెల్ పొట్లాలు వెయ్యి.

బొబ్బిలి బెంచ్:
రాజాం తమ్ముడూ, 50 మీటర్ల గ్రూపులు ఫొటో తీసి ఇక్కడే పెట్టు, పక్కన స్కేలు ఉంచి. 12 రెట్లతో ఎంతకి దిగుతాయో నేనూ చూడాలి.