కార్తూసియన్ సభ (కాథలిక్ ఏకాంత సన్యాసుల సంఘం) స్థాపకుడు ఎవరు: పునీత బ్రూనోనా, గిగోనా?

కొండదారి:
1084లో పునీత బ్రూనో ఆరుగురు సహచరులతో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ చేరితే, బిషప్ హ్యూ వాళ్లకు షార్త్రూజ్ కొండల్లో చోటు చూపించారు. 1090లో, ఒకప్పటి తన శిష్యుడైన పోపు రెండవ అర్బన్ పిలుపు మీద రోముకు వెళ్లిన బ్రూనో మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. నియమావళి రాసింది ఆయన కాదు, 1109లో షార్త్రూజ్ మఠానికి ఐదవ ప్రయర్ (మఠ పెద్ద) అయిన గిగో. మరి స్థాపకుడని ఎవరిని అనాలి? పారిస్‌లో శవం లేచి మాట్లాడటం చూసి బ్రూనో సన్యసించారన్న కథ దయచేసి తేవద్దు, అది తర్వాతి కాలపు కల్పన.

రాతిమెట్టు:
గిగోనే. బ్రూనో బయల్దేరగానే మఠం చెదిరిపోయింది. స్థలాన్ని ఆయన షేజ్‌ద్యూ మఠాధిపతి సెగ్విన్‌కి ఇచ్చేశారు కూడా. బ్రూనో తన స్థానంలో ప్రయర్‌గా పెట్టిన లాండువిన్ వెంట సన్యాసులు తిరిగొచ్చాకే, పోపు ఆదేశం మీద సెగ్విన్ దాన్ని వదులుకున్నారు.

నిలబడే ఏర్పాటు గిగోది. పోర్ట్ తదితర మఠాల ప్రయర్లు అడిగితే 1120లలో ఆచారాలను గ్రంథస్థం చేశారు. ప్రయర్‌తో కలిపి 13 మంది సన్యాసులు, బయటి పనులు చూసే 16 మంది సహోదరులు, అంతే. ఆ బీడు కొండ అంతకు మించి పోషించలేదు. జనం పెరిగితే యాచనకు ఊళ్ల మీద పడాలి, ఏకాంతం పోతుంది. గదిలో ఉండాల్సినవీ రాశారు: సూదులు, దారం, కత్తెర. రాతపనికి కలాలు, సుద్ద, రాతకు వాడే తోలును నునుపు చేసే రెండు ప్యూమిస్ రాళ్లు, రెండు సిరాకొమ్ములు, ఆ తోలు గీకే కత్తులు, రూళ్లకర్ర. చదవడానికి రెండు పుస్తకాలు. నోటితో ప్రకటించలేని దైవవాక్కును చేతులతో, అంటే పుస్తకాలు నకలు రాసి, ప్రకటించాలన్నారు.

ఊటనీరు:
రాతిమెట్టు గారూ, ఉన్న ఆచారాన్ని రాసిపెట్టడం స్థాపన ఎలా అవుతుంది? ఆ గ్రంథానికి ముందే, 1115 ప్రాంతంలో, నోజాన్ మఠాధిపతి గిబేర్ అక్కడి జీవితాన్ని వర్ణించారు. ఎవరి గది వారిది. ఆదివారం రొట్టె, కాయధాన్యాలు తీసుకుని వారమంతా సొంతంగా వండుకోవడం. ప్రతి గదికీ గోడ రంధ్రంలోంచి కాలువ నీళ్లు. నెవేర్ ప్రభువు వెండి పాత్రలు పంపితే తిప్పి పంపేశారు, అప్పుడాయన పుస్తకాలకు పనికొచ్చే తోళ్లు పంపారు. ఈ జీవితానికి ఆద్యుడు బ్రూనో అనే గిబేర్ రాశారు.

రాతిమెట్టు:
1115 నాటికి గిగో ప్రయర్ అయి ఆరేళ్లు గడిచాయి కదండీ. అది బ్రూనో నాటి పద్ధతే అనడానికి ఆధారం?

ఊటనీరు:
బ్రూనో దక్షిణ ఇటలీలోని కలాబ్రియా నుంచి షార్త్రూజ్‌కు రాసిన ఉత్తరం. చదువురాని సహోదరుల విధేయతను అందులో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మొదటి ఏడుగురిలోనే ఆంద్రే, గెరాన్ ఇలాంటి సహోదరులు. గదుల్లో సన్యాసులు, బయటి పనులకు సహోదరులు అన్న విభజనే ఈ జీవితానికి వెన్నెముక. అది తొలినాళ్లదే.

రాతిమెట్టు:
అదే కలాబ్రియాను చూడండి. 1091లో అక్కడ స్థాపించిన మఠంలో బ్రూనో 1101లో చనిపోయేదాకా ఉన్నారు, షార్త్రూజ్‌లో కంటే ఎక్కువ కాలం. అయినా 12వ శతాబ్దం చివర అది సిస్టర్షియన్లనే మరో సన్యాసుల సభ చేతికి పోయింది. కార్తూసియన్లకు తిరిగి దక్కింది 1514లో. బ్రూనో ఆదర్శం ఒక్కటే చాలితే అది ఎందుకు జారిపోయింది?

మంచుచరియ:
అది బలమైన ప్రశ్నే. కానీ సభ అన్న మాటను చట్టపరంగా తీసుకుంటే గిగోకూ దక్కదు. 1132లో హిమపాతం మఠాన్ని కూల్చి ఏడుగురిని బలిగొన్నాక, దిగువన కొత్త చోట కట్టించింది ఆయనే. అయినా ఆయన రోజుల్లో ఏ మఠం దాని బిషప్ కిందే ఉండేది. ప్రయర్లంతా కలిసి సర్వసభ్య సమావేశం జరిపింది 1140 ప్రాంతంలో, ఆంతెల్మ్ షార్త్రూజ్ ప్రయర్‌గా ఉండగా. కాబట్టి అడగాల్సింది ఈ జీవన విధానం ఎవరిదని. దానికి నా జవాబు బ్రూనో.