కేసు ‘నీరుగారిందా’, ‘నీరుగార్చారా’?

ప్రశ్న (విజయవాడ నుంచి): మాస్టారూ, పేపర్లో ఒకచోట ‘కేసు నీరుగారింది’, ఇంకోచోట ‘నీరుగార్చారు’ అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా?

జవాబు: కాదండీ. కారడానికీ కార్చడానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. ‘ఉత్సాహం నీరుగారింది’ అంటే దానంతటదే తగ్గింది. ‘నీరుగార్చారు’ అంటే చేసినవాడొకడున్నాడు. ‘పైనుంచి ఫోనొచ్చింది’ అన్నట్టే ‘కేసు నీరుగారింది’లోనూ కర్త మాయం. విలేకరికి అదో రక్షణ లెండి, పరువునష్టం దావా పడదు.

‘గార్చారు’ అనాలంటే ఆధారం కావాలి. 2013లో బొగ్గు గనుల కేసులో అది దొరికింది. సుప్రీంకోర్టుకు ఇవ్వాల్సిన నివేదిక ముసాయిదాను అప్పటి న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్, ప్రధాని కార్యాలయం, బొగ్గు శాఖ అధికారులు చూశారని, మార్పులు చేయించారని సీబీఐ డైరెక్టర్ రంజిత్ సిన్హా అఫిడవిట్‌లో ఒప్పుకున్నారు. నివేదిక గుండెకాయే మారిపోయిందని కోర్టు మండిపడింది. మే 8న కోర్టు సీబీఐని అన్న ‘పంజరంలో చిలుక’ మాటే జనానికి గుర్తుండిపోయింది. మే 10న మంత్రి రాజీనామా చేశారు. కేసును మూసేయలేదు, కొట్టేయలేదు. పదును తీశారంతే. నీరుగార్చడమంటే సరిగ్గా అదే.

ప్రశ్న (గుంటూరు నుంచి): 2018లో మన రాష్ట్రం సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతి (ప్రతి కేసుకూ విడిగా అడగక్కర్లేని అనుమతి) వెనక్కి తీసుకుంది కదండీ. అదీ నీరుగార్చడమేనా?

జవాబు: ఆ మాట అక్కడ అతకదమ్మా. నీరుగార్చాలంటే ముందు కేసంటూ ఉండాలి. ఇది గుమ్మంలోనే ఆపడం. 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టం 6వ సెక్షన్ ప్రకారం సీబీఐ రాష్ట్రంలో దర్యాప్తు చేయాలంటే ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి. 2019లో ప్రభుత్వం మారాక సమ్మతి మళ్లీ ఇచ్చారు. హైకోర్టో సుప్రీంకోర్టో ఆదేశిస్తే సమ్మతితో పనిలేదని 2010లోనే రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఎందుకు తీసుకున్నారు, ఎందుకిచ్చారు అన్నది ఎవరి పార్టీని బట్టి వాళ్లు చెప్తారు, ఆ గొడవ ఇక్కడొద్దు.

ఇంకొకరు: మరి ‘అటకెక్కింది’?

జవాబు: అది వేరు. అటకెక్కిన ఫైలు కదలదుగానీ అందులో బలం అలాగే ఉంటుంది, సర్కారు మారితే దించుతారు. నీరుగార్చినదానికి ఆ అదృష్టం తక్కువ. తేలిక సెక్షన్లు పెట్టి, వాంగ్మూలం సగమే రాసి ఛార్జిషీటు వేసేశాక తదుపరి దర్యాప్తు అడగొచ్చు. కానీ అప్పటికి సాక్షి మాట మీద నిలబడాలి కదా!