బన్షీకి లాకప్ క్లచ్ పెట్టాలా, గట్టి స్ప్రింగులు సరిపోతాయా?

అరిజోనా_తెలుగోడు:
అందరికీ నమస్కారం. నా దగ్గర 2003 యమహా బన్షీ ఉంది. నాలుగు చక్రాల ఏటీవీ, రెండు సిలిండర్ల 347 సీసీ టూస్ట్రోక్ ఇంజిన్. పాత ఓనరే సిలిండర్లకు పోర్టింగ్ (లోపలి గ్యాస్ దారులను చెక్కి మార్చడం) చేయించి, పెద్ద కార్బ్యురేటర్లు, డ్రాగ్ పైపులు (పందేలకు వాడే ఎగ్జాస్ట్ పైపులు) పెట్టించాడు. చలికాలంలో కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక తిన్నెలకు తీసుకెళ్తుంటాను, వెనక ఇసుకను తెడ్డులా తోసే ప్యాడిల్ టైర్లు. అక్కడి ఓల్డ్స్‌మొబైల్ హిల్ అనే పెద్ద తిన్నె ఎక్కేటప్పుడు నాలుగో గేర్లో ఇంజిన్ అరుపు పెరుగుతోంది కానీ బండి స్పీడు పెరగట్లేదు. క్లచ్ జారుతోందన్నది ఖాయం. లాకప్ వేసెయ్, పీడా పోతుంది అని కొందరంటారు. గట్టి స్ప్రింగులు, కొత్త ప్లేట్లు, బిల్లెట్ బాస్కెట్ (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నె, గట్టి దిమ్మె నుంచి చెక్కింది) చాలని ఇంకొందరు. ఎక్కువ కాలం మన్నేది ఏది? అప్పుడప్పుడు సరదాగా డ్రాగ్ పందెం (తిన్నగా దూసుకెళ్లే పోటీ) వేస్తాను, మిగతా టైమంతా తిన్నెల మీద తిరగడమే.

రెండు_సిలిండర్లు:
లాకప్. ఇందులో ఆలోచించడానికేముంది బ్రదర్? ప్రెజర్ ప్లేట్ మీద బరువులున్న చేతులు ఉంటాయి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని ప్లేట్లను నొక్కుతాయి. చేలో పిట్టల్ని తోలే వడిసెల తిప్పితే చెయ్యి ఎలా గుంజుతుందో అదే లెక్క. వేగం రెండింతలైతే నొక్కుడు నాలుగింతలు. స్టార్టింగ్‌లో మెత్తగా వదులుతుంది, పైకి వెళ్లాక జారమన్నా జారదు. పైగా స్ప్రింగులు మెత్తనివే పెట్టుకోవచ్చు కాబట్టి లీవర్ నొక్కీ నొక్కీ వేళ్లు పడిపోవు. 100 హార్స్‌పవర్ దాటిన డ్రాగ్ బన్షీల్లో అందరూ వాడేది ఇదే.

పదో_నంబర్_స్పానర్:
డ్రాగ్ బన్షీ సంగతి వేరు, ఆయన బండి సంగతి వేరు. డ్రాగ్‌లో ఒకసారి వదిలితే గీత దాటేదాకా మళ్లీ లీవర్ ముట్టరు. తిన్నెల్లో అలా కుదరదు. శిఖరం అవతల ఏముందో కనపడదు, ఆఖరి క్షణంలో క్లచ్ నొక్కి బండి ఆపాల్సి రావచ్చు. ఆర్‌పీఎం మీదున్నప్పుడు లాకప్ క్లచ్ లీవర్ రాయిలా ఉంటుంది. మన్నిక సరే, మనిషి సంగతేంటి?

ఇంకో విషయం. క్లచ్ జారకపోతే ఆ దెబ్బంతా ఎక్కడికి పోతుంది? గేర్ల పళ్లకు, షాఫ్టులకు, చైనుకు. ప్యాడిల్ టైరు ఇసుకను పట్టి లాగుతుందే గానీ మట్టి టైరులా తేలిగ్గా తిరిగిపోదు. క్లచ్ ప్లేట్లు మార్చడం ఒక పూట పని. గేర్‌బాక్స్ తెరవాలంటే ఇంజిన్ దించి క్రాంక్‌కేస్ విడదీయాలి.

బాహా_మాజీ:
నేను కాలేజీలో ఉండగా బాహా ఎస్ఏఈ ఇండియా (విద్యార్థులు తామే బండి తయారుచేసి పోటీపడేది) టీమ్‌లో ఉండేవాణ్ని. అక్కడివి చిన్న ఇంజిన్లు, స్కూటర్లలోలా గేర్లు మార్చక్కర్లేని సీవీటీలు, కాబట్టి ఆ అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. లెక్క మాత్రం చెప్పగలను.

క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి మీద ఆధారపడుతుంది: రాపిడి ముఖాల సంఖ్య, ఘర్షణ, స్ప్రింగుల బలం, ప్లేటు సగటు వ్యాసార్థం. బన్షీలో 7 ఫ్రిక్షన్ (రాపిడి) ప్లేట్లు, ఒక్కోదానికి రెండు వైపులు, అంటే 14 ముఖాలు. స్ప్రింగులు 20 శాతం గట్టివి వేస్తే టార్క్ 20 శాతం పెరుగుతుంది, లీవర్ బరువూ దాదాపు అంతే పెరుగుతుంది. అదే ఇంకో ప్లేటు ఇరికిస్తే 16 ముఖాలు, లీవర్ బరువు పెరగకుండానే 14 శాతం లాభం.

ఉచితంగా ఏదీ రాదనుకోండి. ఎనిమిదో ప్లేటుకు చోటు కావాలంటే వాటి మధ్య ఉండే స్టీల్ ప్లేట్లు పలచనివి వేయాలి. జారినప్పుడు పుట్టే వేడిని తాగేది ఆ స్టీలే. పలచనైతే త్వరగా నీలం రంగుకు తిరిగి వంకర పోతుంది. పైగా లీవర్ నొక్కితే వచ్చే సందు అంతే ఉంటుంది, దాన్ని 14కి బదులు 16 ముఖాలు పంచుకోవాలి. అందుకే న్యూట్రల్ దొరక్క చిరాకు పుడుతుంది.

వైఎఫ్‌జీ_వాసు:
ఇదంతా ఎందుకండీ, ఆర్‌పీఎం తగ్గితే దానంతటదే వదిలే ఆటో క్లచ్ వేసుకుంటే పోలా? నా యమహా ఏటీవీ వైఎఫ్‌జీ450ఆర్‌కి రెక్లూస్ కంపెనీది వేశాను, అడవి దారుల్లో బండి ఆగిపోయే టెన్షనే లేదు.

పదో_నంబర్_స్పానర్:
వాసు గారూ, మీది ఫోర్‌స్ట్రోక్. జీఎన్‌సీసీలాంటి రెండు గంటల అడవి పందేలకు అది బంగారం. ఇక్కడ గొడవ ఆగిపోవడం గురించి కాదు, జారడం గురించి.

అరిజోనా గారూ, ఏదైనా కొనేముందు కవర్ విప్పి బాస్కెట్ అంచున నిలబడ్డ వేళ్లు చూడండి. కంపెనీ బాస్కెట్ పోతపోసిన అల్యూమినియం. ప్లేట్ల చెవులు కొట్టీ కొట్టీ వేళ్ల మీద గాట్లు పడతాయి. చెవులు ఆ గాట్లలో ఇరుక్కుంటే ప్లేట్లు సాఫీగా జరగవు, ఒక్కోసారి వదలవు, ఒక్కోసారి పూర్తిగా అతుక్కోవు. అక్కడ ఎంత గట్టి స్ప్రింగు వేసినా దండగ. ఆకురాయితో గాట్లు అరగదీస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది కానీ సందు పెరిగి దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. హిన్సన్‌లాంటి బిల్లెట్ బాస్కెట్‌కి డబ్బు పెట్టడంలో అర్థం ఇక్కడే ఉంది. అది క్లచ్ పట్టు పెంచదు, ప్లేట్లు నడిచే దారిని పాడవకుండా చూస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది బాస్కెట్ మార్చి, ఇంకా జారుతోందే అని తల పట్టుకుంటారు.

నూనె_చుక్క:
ఆయిల్ గురించి ఎవరూ అనలేదేం? బన్షీలో పెట్రోల్లోనే టూటీ (టూస్ట్రోక్ ఆయిల్) కలుపుతాం, గేర్‌బాక్స్ ఆయిల్ గేర్లకు, క్లచ్‌కు మాత్రమే. అందులో కారు ఆయిల్ పోసేవాళ్లున్నారు. మైలేజీ కోసం ఘర్షణ తగ్గించే మందులు కలిపిన ఆయిల్ పోస్తే క్లచ్ జారక ఏం చేస్తుంది? డబ్బా మీద జాసో (బైక్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. ఎంబీ అని ఉంటే స్కూటర్‌కు పోసుకోండి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించేముందు అదే ఆయిల్లో నానబెట్టాలి, పొడివి బిగిస్తే మొదటి రైడ్‌లోనే కాలతాయి. కేబుల్‌కు లీవర్ దగ్గర కొంచెం ఫ్రీ ప్లే (వదులు) కూడా ఉండాలి. బిగుసుకుని ఉంటే సగం క్లచ్ నొక్కుకుని తిరుగుతున్నట్టే.

రెండు_సిలిండర్లు:
ఆయిల్, కేబుల్, బాస్కెట్ అన్నీ ఒప్పుకుంటాను. అన్నీ సరిచేశాక కూడా డ్రాగ్ పైపుల మీద నాలుగో గేర్లో జారితే అప్పుడేం చేస్తారు? స్ప్రింగులు ఇంకా గట్టివా? ఎడమ చెయ్యి మధ్యాహ్నానికే చచ్చుబడుతుంది. లీవర్ రాయిలా అవుతుందన్నారు, బరువులు తగ్గించి సెట్ చేసుకునే లాకప్‌లు ఉన్నాయన్నా. బోల్టులు, వాషర్లు తీసేసి తేలిక చేసుకోవచ్చు.

పదో_నంబర్_స్పానర్:
తేలిక చేసుకోవచ్చు తమ్ముడూ, కాదనను. ఆ ఇంజిన్ అంత దూరం వెళ్లిందా అన్నదే నా అనుమానం. పోర్టింగ్, పైపుల స్థాయికి మంచి ప్లేట్లు, ఒక మెట్టు గట్టి స్ప్రింగులు ఆపుతాయి. సిలిండర్లు మార్చి, పిస్టన్ స్ట్రోక్ పెంచి, పెట్రోల్ బదులు ఆల్కహాల్ పోసేదాకా వెళ్తే అప్పుడు నేనే లాకప్ కొనమంటాను.

అరిజోనా_తెలుగోడు:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం కవర్ విప్పాను. బాస్కెట్ వేళ్ల మీద గోరు దిగేంత గాట్లు ఉన్నాయి. స్టీల్ ప్లేట్లలో రెండు నీలంగా మారాయి, అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే వంకర తెలుస్తోంది. బిల్లెట్ బాస్కెట్, పూర్తి ప్లేట్ల సెట్టు, ఒక మెట్టు గట్టి స్ప్రింగులు ఆర్డర్ పెట్టాను. లాకప్‌కి లోతైన కవర్ కూడా కొనాలట, ఆ డబ్బు ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ఫ్రిక్షన్ ప్లేట్లు పేపర్ పూతవి తీసుకోవాలా, కెవ్లార్ (గట్టి నారు) పూతవా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

రెండు_సిలిండర్లు:
కెవ్లార్. దాని గురించి కూడా కొట్టుకుందాం, కొత్త థ్రెడ్ తెరవండి.