బ్రయాన్ మే సౌండ్ ఆంప్‌లో ఉందా, చేతిలోని నాణెంలో ఉందా?

ఆరో తీగ: క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే లీడ్ సౌండ్ కోసం మూడు వారాలుగా కుస్తీ పడుతున్నా. నా దగ్గర స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ గిటార్), సౌండ్‌ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్, 10 వాట్ల ప్రాక్టీస్ ఆంప్ (యాంప్లిఫయర్) ఉన్నాయి. గెయిన్ (ఆంప్‌లోకి వెళ్లే సిగ్నల్ బలం) ఎంత పెంచినా కందిరీగల తుట్టె కదిపినట్టుందే తప్ప, ఆ పాడే గొంతు రావట్లేదు. పిక్ బదులు పాత బ్రిటిష్ సిక్స్‌పెన్స్ నాణెంతో వాయిస్తాడు కాబట్టే ఆ సౌండ్ అంటాడు మా ఫ్రెండ్. నిజమేనా?

వాల్వ్ బాబాయ్: నాణెం సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ పెడల్ తీసెయ్. ఆయన దారి గిటార్, ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పెట్టె), వాక్స్ ఏసీ30 అనే వాల్వ్ ఆంప్. నార్మల్ ఛానెల్, వాల్యూమ్ చివరిదాకా. బేస్ అంతా అలాగే లోపలికెళ్తే ఆంప్‌లోని వాల్వులు (గాజు ట్యూబులు) ముద్ద చేసేస్తాయి. బూస్టర్ దాన్ని కోసేసి మిగతాది గట్టిగా తోస్తుంది. క్లీన్ కావాలంటే గిటార్ వాల్యూమే తగ్గిస్తాడు.

పికప్ పిచ్చోడు: గిటార్‌ని మర్చిపోయారు బాబాయ్ గారూ. ఆయన సొంత గిటార్ రెడ్ స్పెషల్‌ని 1963లో తండ్రితో కలిసి ఇంట్లో చేయడం మొదలుపెట్టాడు, మెడ పాత ఫైర్‌ప్లేస్ చెక్క. కథ అందరికీ నచ్చుతుంది గానీ, అసలు కిటుకు వైరింగ్. బర్న్స్ ట్రైసోనిక్ పికప్‌లు (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి. స్ట్రాట్‌లో రెండు కలిపితే ప్యారలల్, అంటే పక్కపక్కన, అందుకే సన్నగా పలుకుతుంది.

అపార్ట్‌మెంట్ రాక్: మూడో అంతస్తులో ఏసీ30 చివరిదాకా తిప్పమంటారా? ఇల్లు ఖాళీ చేయిస్తారు. మోడలర్ (ఆంప్ సౌండ్‌ని అనుకరించే డిజిటల్ పెట్టె), హెడ్‌ఫోన్స్ చాలు.

వాల్వ్ బాబాయ్: స్పీకర్ గాలి తీగలకు తగిలితేనే నోటు అలా నిలబడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అదెక్కడిది?

అపార్ట్‌మెంట్ రాక్: అది ఒప్పుకుంటా. అద్దె మీరు కడతారా మరి?

చెల్లని పావలా: నాణెం ఉత్తిదేం కాదు. అది వంగదు కాబట్టి చేతి కదలికంతా తీగకు చేరుతుంది. అంచు గీతలు తగిలితే నోటు మొదట్లో చర్‌మంటుంది. మన పాత పావలా కూడా దాదాపు అదే సైజు, 19 మి.మీ., అంచున గీతలు. స్టీల్‌ది కాదు, దానికి ముందుది.

ఆరో తీగ: డిస్టార్షన్ తీసేశా. ఈక్యూ (ఈక్వలైజర్) పెడల్‌లో బేస్ కిందికి దించి, లెవెల్ పెంచి, ఆంప్ గెయిన్ సగంలో పెట్టా. కందిరీగలు పోయాయి! పావలా అమ్మ పోపుల డబ్బాలో దొరికింది, చర్‌మంటోంది కూడా. కానీ నాలుగో రోజే ఒకటో తీగ తెగింది, సోలో మధ్యలో. పికప్‌లు సీరీస్‌లోకి మార్చాలి, ఎవరైనా సోల్డరింగ్ ఐరన్ అప్పిస్తారా?